తొమ్మిదో తరగతికి సేలం పాఠం: ‘సామూహిక ఉన్మాదం’ అని చెప్పి ఊరుకోవచ్చా?

నల్లబల్ల | జూన్ 28, రాత్రి 9:10

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. కిందటేడాది వేసవి సెలవులకు ముందు రెండు పీరియడ్లు మిగిలితే, జనం గుంపుగా వింత ప్రవర్తనకు లోనైన సందర్భాలను తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. 1518లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఆగకుండా రోజుల తరబడి చిందులు వేసినవారి సంగతి, 1962లో టాంగన్యీకాలో (ఇప్పటి టాంజానియా) బడిపిల్లలను పట్టుకున్న నవ్వుల సంగతి చెబుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. చివర ఒక అబ్బాయి లేచి, “అప్పటివాళ్ళకు బుద్ధి లేదు కదా టీచర్” అన్నాడు. తరగతి మొత్తం అవునంది. 1962 నాటికి ఆ అబ్బాయి నాయనమ్మ బడికి వెళుతూ ఉండి ఉంటుందని నాకు తరువాత తోచింది. నేను చెప్పింది పాఠం కాదు, కాలక్షేపం.

ఈ ఏడాది ఒక్క ఉదంతాన్నే తీసుకుని మూడు పీరియడ్లు చెప్పదలచుకున్నాను. అది 1692లో, ఇప్పటి అమెరికాలో ఉన్న మసాచుసెట్స్ అనే ఇంగ్లీషు వలసరాజ్యంలోని సేలం గ్రామంలో మొదలైన మంత్రగత్తెల విచారణ. దీన్నే ఎంచుకోవడానికి కారణం, అది పిల్లలతో మొదలు కావడం. పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురు బెట్టీకీ, పదకొండేళ్ళ బంధువుల పిల్ల అబిగెయిల్ విలియమ్స్‌కీ మెలికలు తిరిగిపోవడం, కేకలు పెట్టడం మొదలైంది. మిమ్మల్ని పీడిస్తున్నది ఎవరని పెద్దలు గుచ్చి గుచ్చి అడిగితే పేర్లు బయటికి వచ్చాయి: ఆ ఇంట్లో బానిసగా ఉన్న టిటూబా, ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే సారా గుడ్, చాలాకాలంగా చర్చికి రాని సారా ఆస్‌బర్న్. ఏడాది తిరిగేసరికి నిందితులు 150 మంది దాటారు. 19 మందిని ఉరి తీశారు, విచారణకు ఒప్పుకోని గైల్స్ కోరీ అనే ముసలి రైతును బండల బరువు కింద అదిమి చంపారు, కనీసం ఐదుగురు జైలులోనే కన్నుమూశారు.

నా సందేహం పేరు దగ్గరే మొదలవుతోంది. దీన్ని ‘సామూహిక ఉన్మాదం’ అని చెబితే మళ్ళీ “వాళ్ళకు పిచ్చి పట్టింది” అన్న ముగింపుకే పిల్లలు వస్తారేమో. మీరైతే ఎలా చెబుతారు? మన ప్రాంతపు ఉదాహరణలు కలపడం మంచిదేనా?

పాత చాక్‌పీసు | జూన్ 28, రాత్రి 10:02

అమ్మా, ప్రయత్నం మంచిది. అయితే ముప్పయ్యారేళ్ళు బడిలో ఉన్నవాడిగా ఒక మాట చెబుతాను. పాఠ్యప్రణాళికకు బయట మూడు పీరియడ్లు తీసుకుంటే ప్రధానోపాధ్యాయులు ఒకసారి ఊరుకుంటారు, రెండోసారి సంజాయిషీ అడుగుతారు (నేనూ అడిగినవాడినే). అందువల్ల తలుపు సిలబస్ లోపలి నుంచే తెరవండి. మనం తొమ్మిదో తరగతికి చెబుతూ వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో ఫ్రెంచి విప్లవం పాఠం ఉంది కదా. పండిన పంటను నాశనం చేయడానికి జమీందార్లు దోపిడీ ముఠాలను కిరాయికి తెచ్చారని 1789 వేసవిలో ఊరి నుంచి ఊరికి వదంతి పాకిందనీ, రైతులు పారలూ పంగలకర్రలూ పట్టుకుని జమీందార్ల కోటల మీద పడ్డారనీ అందులో ఉంటుంది. ఏటా మనం ఆ నాలుగు వాక్యాలను చదివించి ముందుకు పోతాం. చరిత్రకారులు దానికి ‘మహాభయం’ అని పేరు పెట్టారు.

జార్జ్ లెఫెవ్ర్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1932లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. ఏ పుకారు ఏ దారిలో, ఏ ఊరికి చేరిందో మ్యాపు మీద గీత గీసినట్లు వెతికాడు. ఆ ముఠాలు నిజంగా లేవు. కానీ 1788లో పంట పోయింది, రొట్టె ధర ఆకాశాన్ని అంటింది, పని లేనివారు గుంపులుగా ఊళ్ళ మీద తిరుగుతున్నారు. దొంగలు లేకపోయినా భయపడటానికి కారణం ఉంది. ఇంకొకటి చూడండి: ఆ రైతులు కోటలలో దూరి ఏం చేశారు? తాము చెల్లించవలసిన పన్నుల దస్తావేజులను వెతికి తీసి మరీ తగలబెట్టారు. పిచ్చిపట్టినవాడు కాగితాలు చదివి ఏరుకోడు. ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ భూస్వామ్య హక్కుల రద్దును ప్రకటించడానికి ఈ మంటలే తొందర పెట్టాయి. మీ విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. సేలం దాని తరువాత చెప్పండి.

ఎనిమిదో పీరియడ్ | జూన్ 29, ఉదయం 6:45

స్ట్రాస్‌బర్గ్‌ను మీరు అప్పుడే వదిలేయకండి, నల్లబల్ల గారూ. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. ఆ నవ్వును ఎక్కడ ఆపాలన్నదే మన పని. నేను నగర పాలకమండలి దగ్గర ఆపుతాను. 1518 జూలైలో ఒక స్త్రీ వీధిలో ఆడటం మొదలుపెట్టింది, నెల తిరిగేసరికి ఆడేవారు సుమారు 400 మంది అయ్యారు. అప్పుడు నగర పెద్దలు వైద్యులను పిలిచారు. రక్తం వేడెక్కింది, ఆడి ఆడి అలసిపోతే అదే తగ్గుతుందని వైద్యులు చెప్పారు. పెద్దలు చేతివృత్తుల సంఘాల భవనాలు ఖాళీ చేయించి, వేదిక కట్టించి, డోలు, సన్నాయి వాయించేవారిని డబ్బులిచ్చి పిలిపించారు. దాంతో జబ్బు ఊరంతా పాకింది. ఆ తరువాతే మేళాలను నిషేధించి, రోగులను సావెర్న్ దగ్గరున్న సెయింట్ వైటస్ గుడికి పంపించారు.

“మీరు పాలకమండలిలో ఉంటే, మీ ముందు ఆనాటి వైద్యుల సలహా ఒక్కటే ఉంటే, ఏం చేసేవారు?” అని నేను అడుగుతాను. తరగతిలో సగం మంది మేళగాళ్ళను పిలవడానికే ఓటు వేస్తారు. తరువాత జరిగింది చెప్పినప్పుడు ఎవరూ నవ్వరు. రోజుకు ఇంతమంది చనిపోయారని ఇంటర్నెట్‌లో తిరిగే అంకెలను మాత్రం బోర్డు మీద రాయకండి. అవి నమ్మదగినవి కావు.

మనోవైద్యం | జూన్ 29, మధ్యాహ్నం 1:30

నేను విశాఖపట్నంలో మానసిక వైద్యుడిని, ఉపాధ్యాయుడిని కాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది కాబట్టి ఈ చర్చ చదువుతున్నాను. వైద్యం వైపు నుంచి రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది, మీరంతా ఒకే గాటన కడుతున్నవి ఒక జాతివి కావు. టాంగన్యీకాలోని కషాషా అనే ఊరిలో 1962 జనవరి 30న మిషనరీ బాలికల వసతి పాఠశాలలో ముగ్గురు అమ్మాయిలతో మొదలైనది శరీర లక్షణాలున్న రుగ్మత. అక్కడి 159 మంది విద్యార్థినులలో 95 మందికి అది సోకింది. మార్చి 18న బడి మూసేసి పిల్లలను ఇళ్ళకు పంపితే, న్షాంబా అనే ఊరిలో మరో 217 మందికి వచ్చింది. దాన్ని నవ్వుల జబ్బు అనడం వల్లనే మీ తరగతి నవ్వింది. అసలు నివేదికలో ఏడుపు, అశాంతి, పరుగులు కూడా ఉన్నాయి. ఒక్క ఉపాధ్యాయుడికి కూడా సోకకపోవడం మాకు ముఖ్యమైన ఆధారం. కట్టుదిట్టమైన క్రమశిక్షణలో, నోరు విప్పి చెప్పుకునే వీలు లేని చోట, కింది స్థాయిలో ఉన్నవారికే ఇది ఎక్కువగా వస్తుంది. లక్షణాలు నటన కావు. ఆ పిల్ల నిజంగానే బాధపడుతుంది. సేలంలో మొదటి కొన్ని వారాలు ఈ జాతికి చెందినవి కావచ్చు. ఆ తరువాత జరిగిన అరెస్టులు, విచారణలు, ఉరిశిక్షలు వైద్యశాస్త్రం పరిధిలోకి రావు.

‘హిస్టీరియా’ అన్న మాటను మా వృత్తిలో ఇప్పుడు వాడటం లేదు. గ్రీకు భాషలో గర్భసంచికి ఉన్న పేరు నుంచి అది పుట్టింది. స్త్రీలకు గర్భసంచి వల్లనే ఈ జబ్బు వస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. తరగతిలో సగం మంది ఆడపిల్లలు కూర్చున్నప్పుడు ఆ మాట చరిత్ర చెప్పకుండా ఆ మాట వాడకండి.

రెండోది ఇంకా ముఖ్యం. అర్థం కాని ప్రతి జబ్బునూ భయం ఖాతాలో వేసే అలవాటు పిల్లలకు అంటించవద్దు. 2020 డిసెంబరులో మీ పక్కనే ఏలూరులో వందల మంది మూర్ఛలతో, కళ్ళు తిరిగి ఆసుపత్రికి వచ్చారు. చూసినవారికి అది సామూహిక భయంలాగే కనిపించి ఉండవచ్చు. రక్త నమూనాలను పరీక్షించిన ఎయిమ్స్ వైద్యులకు సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీద కూడా పరిశోధన జరిగింది. రక్తం, నీరు, గాలి పరీక్షించిన తరువాత మాత్రమే మనసు మాట ఎత్తాలి. మా పాఠాలలో మొదటి వాక్యం అదే.

మెతుకుసీమ | జూన్ 29, రాత్రి 8:20

మనోవైద్యం గారు అన్న చివరి మాటకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను ఉమ్మడి మెదక్ జిల్లా వాడిని, తెలుగు పండితుడిని, సాంఘికశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా నల్లబల్ల గారి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను: సేలంను ఉన్మాదం అనడం తప్పు. ఉన్మాదం అన్న క్షణంలో దోషులు మాయమవుతారు.

ఆలోచించండి. గవర్నరు విలియం ఫిప్స్ నియమించిన ప్రత్యేక న్యాయస్థానం అక్కడ ఉంది. న్యాయమూర్తులు, జ్యూరీ, వారంటు, గుమాస్తా, రికార్డు అన్నీ ఉన్నాయి. ఫలానా ఆమె ఛాయారూపం రాత్రి వచ్చి నన్ను గిల్లిందని బాధితులు చెబితే దాన్ని సాక్ష్యంగా స్వీకరించాలని ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ నిర్ణయించాడు. ఆ ఛాయ మరెవరికీ కనిపించదు. నిందితురాలు ఆ రాత్రి ఇంట్లో నిద్రపోతోందని పదిమంది చెప్పినా లాభం లేదు, ఎందుకంటే తిరిగేది ఛాయ. కొట్టివేయడానికి వీలులేని సాక్ష్యం అది. 71 ఏళ్ళ రెబెకా నర్స్‌ను జ్యూరీ మొదట నిర్దోషి అంది. స్టౌటన్ మళ్ళీ ఆలోచించుకోమని వారిని లోపలికి పంపాడు. వారు తిరిగి వచ్చి దోషి అన్నారు. జూలై 19న ఉరి తీశారు. ఇందులో పిచ్చి ఎక్కడుంది? ఒక చదువుకున్న పెద్దమనిషి ప్రశాంతంగా కుర్చీలో కూర్చుని చేసిన పని ఇది. ఆ అక్టోబరులో ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరి నుంచి కొత్త కోర్టు ఛాయారూప సాక్ష్యాన్ని పక్కన పెట్టింది. పెట్టగానే ముగ్గురికి తప్ప తక్కిన వారికి నేరం రుజువు కాలేదు, ఆ ముగ్గురినీ ఉరి తీయలేదు. జనం నమ్మకాలు మూడు నెలలలో మారవు. మారింది సాక్ష్యం మీద నియమం ఒక్కటే.

ఇక మన ఉదాహరణల సంగతి. మా వైపు బాణామతి (చేతబడి) పేరుతో ఏం జరిగిందో మీకు తెలుసు. పళ్ళు ఊడగొట్టడాలు, చెట్టుకు కట్టడాలు, ప్రాణాలు తీయడాలు. ఎక్కువగా దిక్కులేని ముసలివారి మీదనే, ఎక్కువగా గట్టు తగాదా, పాత పగ ఉన్న చోటనే. కొన్నేళ్ళ కిందట నేను సేలం గురించి ఎనిమిదో తరగతిలో చెప్పి, “మన ఊళ్ళలో కూడా ఇలాంటివి జరిగాయి” అని ఒక్క వాక్యం అన్నాను. వెనక బెంచిలో ఒక అమ్మాయి తల దించుకుంది. పిల్లలు ఒక్కొక్కరుగా ఆమె వైపు తిరిగారు. ఆమె తాతను ఊరు వెలివేసిందని నాకు తరువాత తెలిసింది. నేను ఆ రోజు పాఠం చెబుతూ తరగతి గదిలో వేలు చూపించాను. కాబట్టి దగ్గరి ఉదాహరణ చెప్పవద్దని అనను. చెప్పే ముందు మీ తరగతిలో ఎవరు కూర్చున్నారో తెలుసుకోండి.

పాత చాక్‌పీసు | జూన్ 29, రాత్రి 9:05

పండితులవారు బాధ్యత సంగతి చక్కగా చెప్పారు, కానీ కత్తిని మరీ ఒక వైపే ఒరగబెట్టారు. న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాడు సరే, ఆ కుర్చీ చుట్టూ నిలబడ్డ ఊరి మాటేమిటి? సరిహద్దులలో స్థానిక తెగలతో, ఫ్రెంచివారితో యుద్ధం నడుస్తోంది, ఉత్తరాన ఉన్న మేన్ అనే ప్రాంతం నుంచి ఇళ్ళు కాలిన కుటుంబాలు శరణార్థులుగా వచ్చి ఉన్నాయి. వలసరాజ్యపు పాత అధికారపత్రం 1684లో రద్దయింది, కొత్తది ఫిప్స్‌తో పాటు 1692 మేలో కానీ రాలేదు. పాస్టరుకు జీతం, కట్టెలు ఇవ్వడం మీద ఊరు రెండు ముఠాలుగా చీలింది. భయం నిజం, గురి తప్పు. ఆ భయానికి ఒక పేరు కావాలి. ‘ఉన్మాదం’ వద్దంటే ‘సామూహిక భయం’ అనండి. పేరే లేకుండా పాఠం చెప్పలేం.

గాజుకుప్పె | జూన్ 30, ఉదయం 7:15

భౌతికశాస్త్రం వారికి కూడా ఇక్కడ చోటుందా? 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగిన రోజు నేను ఏడో తరగతి. మా అమ్మ చెంచాతో పట్టిన పాలు తగ్గడం నా కళ్ళతో చూశాను. తలతన్యత, కేశనాళికీయత గురించి చెప్పడానికి అంతకంటే మంచి ప్రయోగం లేదు. రంగు కలిపిన పాలతో పట్టి చూపితే అవి రాతి మీదుగా జారడం పిల్లలకు స్పష్టంగా కనిపిస్తుంది. 1938లో అమెరికాలో అంగారక గ్రహవాసులు దిగారన్న రేడియో నాటకం విని దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిన ఉదంతం కూడా చెప్పవచ్చు.

మెర్రిమాక్ ఒడ్డు | జూన్ 30, ఉదయం 8:40

గాజుకుప్పె గారూ, ఆ రేడియో ఉదంతం చెప్పండి, కానీ తిరగేసి చెప్పండి. అక్టోబరు 30 రాత్రి ఫోన్ చేసి వాకబు చేసిన శ్రోతల సర్వేలో, ఆ నాటకం వింటున్నామని చెప్పినవారు సుమారు నూటికి ఇద్దరు మాత్రమే. కొందరు నిజంగా భయపడ్డారు, పోలీసులకు ఫోన్లు చేశారు. దేశమంతా పరుగెత్తిందన్నది మర్నాటి పత్రికలు పెంచిన కథ. ప్రకటనల ఆదాయం రేడియో వైపు పోతున్న రోజులవి, రేడియోను నమ్మరాదని చూపడం పత్రికలకు అవసరం. భయం గురించి విన్నదల్లా నమ్మడం కూడా ఒక రకం వదంతే అని పిల్లలకు చూపడానికి ఇది పనికివస్తుంది.

నేను పదిహేనేళ్ళుగా మసాచుసెట్స్‌లో ఉంటున్నాను. సేలం గురించి ఇక్కడ నుంచి కొన్ని సంగతులు. మొదట, మీరు చెబుతున్న సేలం గ్రామం ఇప్పటి సేలం నగరం కాదు, దాని పేరు ఇప్పుడు డాన్వర్స్. విచారణలు జరిగిన సేలం పట్టణం ఇవాళ టోపీ పెట్టుకుని చీపురు మీద ఎగిరే మంత్రగత్తె బొమ్మలు అమ్ముకుని బతుకుతోంది. పోలీసుల చొక్కా మీద బిళ్ళకు కూడా ఆ బొమ్మే. అక్టోబరులో కారు నిలపడానికి చోటు దొరకదు. మా పిల్లలను మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు వారికి అది జాతరలా కనిపించింది తప్ప, ఇరవై మంది నిర్దోషులను చంపిన ఊరిలా కనిపించలేదు.

రెండోది మీకు ఎక్కువ పనికివస్తుంది. పైన చెప్పిన ముగ్గురు దోషులలో ఎలిజబెత్ జాన్సన్ ఒకరు. ఆమెను ఉరి తీయలేదు, కానీ తీర్పు మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోయింది. తక్కినవారి పేర్లను చట్టసభ వేర్వేరు సంవత్సరాలలో తుడిచినా ఆమె పేరు మిగిలిపోయింది. నార్త్ ఆండోవర్ మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతి పిల్లలు క్యారీ లాపియర్ అనే టీచరుతో కలిసి ఆ సంగతి తవ్వి, చట్టసభ సభ్యులకు ఉత్తరాలు రాసి, బిల్లు పెట్టించారు. 2022 జూలైలో, 329 ఏళ్ళ తరువాత, ఆమె నిర్దోషి అయింది. మీ పిల్లల కంటే ఆ పిల్లలు ఒక తరగతి చిన్నవారు.

మెతుకుసీమ | జూన్ 30, మధ్యాహ్నం 12:50

గాజుకుప్పె గారి ప్రయోగం పాలు ఎటు పోయాయో చెబుతుంది. కానీ రాతికీ, పాలకూ ఆ గుణం అంతకు ముందు రోజూ ఉంది కదా. ఆ ఒక్క రోజే ఢిల్లీ నుంచి లండన్ దాకా జనం చెంచాలు పట్టుకుని ఎందుకు వరుసలలో నిలబడ్డారన్న ప్రశ్నకు తలతన్యతలో జవాబు లేదు. ఎస్టీడీ ఫోన్లలో, టీవీలో కొంత ఉంది. అది సాంఘికశాస్త్రం వారి వాటా.

ఎనిమిదో పీరియడ్ | జూన్ 30, సాయంత్రం 5:30

సేలంలో రై ధాన్యానికి పట్టిన బూజు తినడం వల్లనే ఆ పిల్లలకు భ్రమలు కలిగాయని ఎక్కడో చదివాను. అది నిజమైతే మనం పడుతున్న ఈ శ్రమంతా వృథాయే కదా?

మనోవైద్యం | జూన్ 30, రాత్రి 7:10

ఎర్గాట్ అనే ఆ బూజు సిద్ధాంతాన్ని 1976లో లిండా కాపొరేల్ ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. అదే ఏడాది, అదే పత్రికలో స్పానోస్, గాట్లీబ్ దాన్ని ఖండించారు. ఆ రొట్టె ఇంటిల్లిపాదీ తింటారు, లక్షణాలు మాత్రం కొందరికే వచ్చాయి. అవీ నిందితురాలు కోర్టులోకి అడుగుపెట్టగానే వచ్చి, ఆమె చేయి తాకగానే పోయేవి. విషం మనుషులను చూసి రాదు. పిల్లలకు ఈ సిద్ధాంతం చెప్పి, దాన్ని వారి చేతనే కొట్టివేయించండి, అరగంట బాగా గడుస్తుంది.

ఒక వినతి. మూర్ఛలు, మెలికలు తరగతిలో ఎవరిచేతా నటింపజేయవద్దు. వసతి పాఠశాలల్లో ఇలాంటి ఘటన జరిగినప్పుడు మేము మొదట చేసే పని చుట్టూ చేరినవారిని పంపించేయడం.

పాత చాక్‌పీసు | జూన్ 30, రాత్రి 8:00

మన ప్రాంతపు ఉదాహరణ కావాలంటే ఎవరినీ గాయపరచనివి కొన్ని ఉన్నాయి. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మన నెత్తిన పడుతుందని మా ఊళ్ళో కోళ్ళూ, మేకలూ కోసుకు తిన్నారు. పోయేలోగా తినేసి పోదామని. నేను అప్పటికి డిగ్రీలో ఉన్నాను, నాకూ ఒక ముక్క దక్కింది. అది పోయి పోయి పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ పరిసరాల్లో పడింది. చెత్త వేసినందుకు ఆ ఊరివారు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు. తొంభైలలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్నది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ రెండూ చెప్పి, ఇంటికి వెళ్ళి అమ్మమ్మలను, తాతలను అడిగి రమ్మనండి. ఆనాడు ఎవరు మొదట చెప్పారు, ఎందుకు నమ్మారు, ఎప్పుడు మానేశారు అన్న మూడు ప్రశ్నలు చాలు.

ఎనిమిదో పీరియడ్ | జూన్ 30, రాత్రి 8:35

మాస్టారూ, గాయం లేని ఉదాహరణలతోనే ఆగితే పిల్లలు మళ్ళీ నవ్వి ఊరుకుంటారు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు వారి ఇళ్ళలో ఫోన్లకు కూడా చేరినవే. ఆ జూలైలో హైదరాబాదు నుంచి బీదర్ జిల్లాకు వెళ్ళిన యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అనుమానపడిన గుంపు తరిమి తరిమి కొడితే ముర్కి దగ్గర వారిలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చనిపోయాడు. ఆ ఏడాదే జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళకు ఊళ్ళు పంచి ఇచ్చి, డప్పు కళాకారులతో పాటలు పాడించి వదంతులను ముందే అడ్డుకున్నారు. స్ట్రాస్‌బర్గ్‌లో మేళగాళ్ళను పిలిచింది జబ్బు పెంచడానికి దారితీసింది. గద్వాలలో డప్పు మోగింది తగ్గించడానికి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పవచ్చని ఇప్పుడే తోచింది.

నల్లబల్ల | జూలై 10, రాత్రి 9:40

ఆలస్యానికి మన్నించండి. రెండు పీరియడ్లు అయ్యాయి. చాక్‌పీసు మాస్టారి సలహా ప్రకారం ఫ్రెంచి విప్లవం పాఠంలోని ఆ నాలుగు వాక్యాలతో మొదలుపెట్టాను. దస్తావేజులే ఎందుకు కాల్చారని అడిగితే, ముందు బెంచిలో ఒక కౌలు రైతు కూతురు, “కాగితం ఉంటే మళ్ళీ అడుగుతారు కదా టీచర్” అంది. నాకు ఇంకేమీ చెప్పవలసిన పని లేకపోయింది. బాణామతి మాట ఎత్తలేదు. మెతుకుసీమ గారి అనుభవం చదివాక నా తరగతి జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరూ ఆలోచించాను, రెండు పేర్ల దగ్గర ఆగిపోయాను.

రెండో రోజు సేలం. ‘ఉన్మాదం’ అన్న మాట బోర్డు మీద రాయలేదు. ‘సామూహిక భయం’ అని ఎడమవైపు, ‘కోర్టు నియమం’ అని కుడివైపు రాసి, జరిగిన ఒక్కొక్క సంగతి చెప్పి అది ఎటు వెళుతుందో పిల్లలనే తేల్చమన్నాను. సారా గుడ్ కూతురు డొరొతీ దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయింది. నాలుగైదేళ్ళ పిల్లను మంత్రగత్తె అని పట్టుకుని, సంకెళ్ళు వేసి నెలల తరబడి జైలులో ఉంచారు. తల్లికి వ్యతిరేకంగా ఆ పిల్ల మాటలనే సాక్ష్యంగా తీసుకున్నారు. ఎటు రాయాలని అడిగితే ఎవరూ పలకలేదు. ఒక అబ్బాయి లేచి వచ్చి నా చేతిలోని చాక్‌పీసు తీసుకుని కుడివైపు రాశాడు.

నేరం ఒప్పుకున్నవారిని ఉరి తీయలేదని, ఒప్పుకోనివారినే తీశారని చెప్పినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. “అబద్ధం ఆడితే బతుకుతారని తెలిశాక కూడా వాళ్ళు ఎందుకు ఆడలేదు టీచర్?” నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. రెబెకా నర్స్ చెల్లెలు మేరీ ఈస్టీ, తన ప్రాణం కోసం కాదని, ఇక మీదట నిర్దోషుల రక్తం చిందకుండా చూడమని కోర్టుకు రాసుకున్న అర్జీ సారాంశం చెప్పి, సెప్టెంబరు 22న ఆమెను ఉరి తీశారని చెప్పాను. గంట కొట్టారు. మూడో పీరియడ్‌లో అసలు పత్రాలు చదివిస్తే బాగుంటుంది, కానీ పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు మా పిల్లలకు కష్టం.

మెర్రిమాక్ ఒడ్డు | జూలై 10, రాత్రి 11:15

ఆ పత్రాలన్నీ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఒక జత నేను తెలుగు చేసి పంపుతాను, మెతుకుసీమ గారు భాష దిద్దిపెడితే సంతోషం. మొదటిది రెబెకా నర్స్ మీద మార్చి 23న ఇచ్చిన ఫిర్యాదు. ఇచ్చినవారు ఎడ్వర్డ్ పుట్నమ్, జొనాథన్ పుట్నమ్. రెండోది, ఆమె ఏ తప్పూ చేసినట్లు మేము ఎన్నడూ ఎరుగమని 39 మంది ఇరుగుపొరుగువారు సంతకాలు చేసిన కాగితం. సంతకం పెట్టినవారి మీద కూడా అనుమానం వచ్చే రోజులలో పెట్టిన సంతకాలు అవి.

ఆ 39 పేర్లలో జొనాథన్ పుట్నమ్ పేరు కూడా ఉంది. దయచేసి ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పకండి.

మెతుకుసీమ | జూలై 11, ఉదయం 6:20

పంపండి, ఆదివారం సాయంత్రానికి దిద్ది ఇస్తాను. 39 పేర్లనూ వదలకుండా తెలుగులో రాయండి. పిల్లలు వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ రావాలి.

నల్లబల్ల | జూలై 11, ఉదయం 7:05

చెప్పను. బుధవారం మూడో పీరియడ్ నాదే. ముప్పయ్యెనిమిది మంది పిల్లలు, జెరాక్సులు నేను తీయిస్తాను.